మబ్బుల కోసం వచ్చే డబ్బు: పాడేరు కొండల్లో ఒక ఊరి కేస్ స్టడీ

ఈ కేస్ స్టడీలో ఊరి పేరు ఉండదు. రాస్తే వచ్చే శనివారం రాత్రికల్లా అక్కడ కార్లు పెట్టుకోడానికి చోటు మిగలదు. ఉన్న చోటు గురించే ఊళ్లోవాళ్లు తిట్టుకునే దాకా వచ్చింది, ఆ సంగతి కింద చెప్తాను. పాడేరు డివిజన్‌లో కాఫీ తోటల మధ్య యాభై గడపలు దాటని ఒక గిరిజన గ్రామం అనుకుంటే చాలు. ఊరికి రెండు భాగాలు: కింది ఊళ్లో కొండదొర తెగవాళ్లు ఎక్కువ, పైగుంపులో కోదు తెగవాళ్లు. ఊరి వెనకున్న మెట్ట ఎక్కితే చలికాలం తెల్లవారుజామున లోయ నిండా మబ్బు పరుచుకుని ఉంటుంది.

నేను గిరిజనుల జీవనోపాధుల మీద పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉంటాను. ఆ ఊరికి మేం మొదట వెళ్లింది కాఫీ పండు తొక్క ఒలిచే పల్పింగ్ మెషిన్ పని మీద. టూరిజం మా ప్రణాళికలో లేదు. అది దానంతటదే మెట్టెక్కి వచ్చింది.

అరకు వైపు టూరిస్టులు రావడం కొత్తేం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమే ఆ తర్వాత మైదానం జనాన్ని కొండల్లోకి తెచ్చింది. 2017లో ఆ రైలుకు అద్దాల బోగీ కూడా తగిలించారు. బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, వెదురు గొట్టంలో వండే బొంగు చికెన్: ఈ వరస విశాఖ చుట్టుపక్కల అందరికీ కంఠతా వచ్చు. కొత్తగా పేరొచ్చినవి చింతపల్లి మండలంలోని లంబసింగి, ఆ తర్వాత పాడేరు పక్కనే ఉన్న వంజంగి. లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అన్నారు, వంజంగి మేఘాల కొండ అయింది. కోవిడ్ ఆంక్షలు సడలాక ఆ కొండ వీడియోలు లేని ఫోన్ లేదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడే నాటికి, వంజంగిలో రద్దీ తట్టుకోలేక జనం పక్క కొండలు వెతుక్కోవడం మొదలైంది. మా ఊరు వాళ్ల కంట పడింది అప్పుడే.

గుహకూ మబ్బుకూ ఒక పెద్ద తేడా ఉంది. గుహ పగలంతా తెరిచి ఉంటుంది, చూసి సాయంత్రం రైలుకు వెళ్లిపోవచ్చు. మబ్బు కావాలంటే తెల్లవారకముందే మెట్ట మీద ఉండాలి. అంటే ముందు రాత్రి కొండ మీదే ఎక్కడో పడుకోవాలి. ఆ ‘ఎక్కడో’ ఎవరిదైతే డబ్బు వాళ్లది. తర్వాత జరిగిన కథంతా ఇక్కణ్ణుంచే వచ్చింది.

ఆదివారం లెక్క

మొదటి చలికాలం మేం లెక్క తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఊళ్లో ఇంటర్ చదివిన పిల్లల్ని నలుగురైదుగురిని కూర్చోబెట్టి నోటు పుస్తకాలిచ్చాం. ఆదివారం పొద్దున్న మెట్ట దిగుతున్న టూరిస్టుల్ని ఆపి మర్యాదగా అడగమన్నాం. ఎక్కణ్ణుంచి వచ్చారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఎవరికి ఎంత ఇచ్చారు. ఎక్కువమంది విసుక్కోకుండా చెప్పారు. కొందరైతే పెట్రోలు బిల్లు కూడా తీసి చూపించారు.

డబ్బు దారి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పెద్ద ఖర్చు కారు అద్దె, పెట్రోలు. అది విశాఖలోనే అయిపోతుంది. తర్వాతది గది లేదా టెంటు. గది పాడేరు టౌన్లో. టెంట్లు వేసేది మైదానం నుంచి వచ్చిన కుర్రాళ్లు. టెంటు, దుప్పటి, స్పీకరు, క్యాంప్‌ఫైర్, రాత్రి చికెన్ అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. అందులో ఊరికి దక్కేది కట్టెల డబ్బు. తెల్లారాక టీ, మ్యాగీ, బ్రెడ్ ఆమ్లెట్. ఆ బండ్లలో సగం కింద నుంచి ఎక్కినవే, గుడ్లూ కింద నుంచే. ఊళ్లోవాళ్ల చేతికి నేరుగా అందేది కళ్లంలో కారు పెట్టినందుకు ఇచ్చే యాభై నోటు. అదీ ఇస్తే.

ఈ లెక్క రచ్చబండ దగ్గర చదివినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక పెద్దావిడ, ‘ఇంతమంది వస్తన్నారు గానీ బాబూ, మాకేటి మిగిలింది, సీసాలే గదా’ అంది. మెట్ట మీద పగిలిన బీరు సీసాలు మేకల గిట్టల్లో దిగుతుంటే పిల్లలు మేకల్ని అటు తోలడం మానేశారు. అంటే మేత కూడా పోయింది. నష్టం కాలమ్‌లో దాన్ని రాయమని చెప్పింది కూడా ఆవిడే.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ అరకు రోడ్డు మీదే ఉంది. వలిసెలు నూనెగింజల పంట. చలి మొదలయ్యే వేళకు పొలాలు పొలాలే పసుపుపచ్చగా పూస్తాయి. ఫొటోల కోసం జనం చేలో దిగి తొక్కేస్తుంటే రైతులు మొదట తిట్టారు, కంచెలు వేశారు. తర్వాత గట్టున ఒక పిల్లాణ్ణి నిలబెట్టి మనిషికి పదో ఇరవయ్యో తీసుకుని, చేలో నడవడానికి సన్నటి బాట వదలడం మొదలెట్టారు. దానికి పెట్టుబడి ఒక తాడు. వచ్చిన ప్రతి రూపాయీ ఆ ఇంటిదే, పంట కూడా చేతికొస్తుంది. టూరిజం రిపోర్టులు చదివే ముందు ఆ గట్టు మీద ఒక గంట కూర్చుని రమ్మని మా దగ్గరికొచ్చే ఇంటర్న్‌లకు చెప్తుంటాను. ఎవరూ కూర్చోరు, ఫొటో దిగి వస్తారు.

నేల

లెక్క అయిన కొన్నాళ్లకు, మెట్ట పక్కన చేను ఉన్న రైతు ఇంటికి కింది నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. ఏడాదికింత అని కౌలు ఇస్తాను, పదేళ్లకు రాసిమ్మన్నాడు. కాగితం మీద రైతు పేరే ఉంటుంది, కరెంటు మీటరూ ఆయన పేరే, అన్ని అనుమతులూ ఆయన పేరే. ఆయన చెయ్యాల్సిందల్లా సంతకం. అంటే బినామీ. ఈ మాట అర్థం ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతంలో, చదువు రానివాళ్లకు కూడా తెలుసు.

ఇలా దొడ్డిదారిన రావాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధనకు 1970లో జరిగిన సవరణ వల్ల. అందరూ 1/70 అనేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ప్రకారం గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట, భూమి గిరిజనుడి చేతి నుంచి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. గిరిజనేతరుడు అమ్మినా గిరిజనుడికే అమ్మాలి. కౌలు, తనఖా కూడా బదలాయింపు కిందికే వస్తాయి. ఆ తర్వాత దీనికి ఇంకో బలం తోడైంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ పోరాడిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు, గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవంది. తవ్వితే ప్రభుత్వ ఖనిజ సంస్థో గిరిజనుల సహకార సంఘమో తవ్వాలంది. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లకూ, బడులకూ, వైద్యానికీ, రోడ్లకూ శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది.

ఆ తీర్పు గనుల గురించి. అయినా కొండల్లో టూరిజం పనిచేసే ప్రతివాళ్లూ అది చదవాలని నా అభిప్రాయం. ఎందుకంటే కొండ నుంచి బయటికి పోయే సంపదలో కొండకు ఎంత వాటా అనే ప్రశ్నను అది లెక్కలోకి తెచ్చింది. ఖనిజం లారీలో పోతుంది, టూరిస్టు డబ్బు ప్యాకేజీలో పోతుంది. ప్రశ్న రెండింటికీ ఒకటే.

2025 మొదట్లో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో, ఏజెన్సీలో హోటళ్లు రావడానికి 1/70 అడ్డం పడుతోందన్న మాట సాక్షాత్తూ అసెంబ్లీ స్పీకర్ నోట వచ్చింది. ఫిబ్రవరిలో గిరిజన సంఘాలు ఏజెన్సీ బంద్ చేశాయి. చట్టం జోలికి వెళ్లే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్లో కూడా జీపులు కదల్లేదు, బుకింగులు పోయాయి. అయినా ఒక్కరూ విసుక్కోలేదు.

పెట్టుబడి వాదనలో నిజం అసలే లేదని నేననను. 1/70 నేలను కాపాడుతుంది, అప్పు మాత్రం పుట్టించదు. వేలం వెయ్యడానికి వీల్లేని భూమి మీద బ్యాంకు వాళ్లు ముందుకు రారు. గది కట్టుకోవాలన్నా మరుగుదొడ్డి కట్టుకోవాలన్నా గిరిజన కుటుంబానికి దారి డ్వాక్రా అప్పు, లేదంటే గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పథకం. కాబట్టి చట్టం సడలించమనే వాళ్లను నేనడిగేది ఒకటే: పొదుపు సంఘాలకు హోమ్‌స్టే కోసం విడిగా రుణం ఇప్పించే పని ముందు చేసి చూశారా?

ఆ రైతు సంతకం పెట్టలేదు. దానికి కారణం చట్టమూ కాదు, నా ఉపన్యాసమూ కాదు. ‘పదేళ్లు రాసిచ్చేస్తే మన పశువులు ఎక్కడ మేస్తాయి?’ అని ఆయన వదిన అడిగింది. దానికి వ్యాపారి దగ్గర సమాధానం లేదు.

వంతు

తర్వాత గ్రామసభ పెట్టారు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతపు గ్రామసభకు మామూలు పంచాయతీలకు లేని అధికారాలు ఇచ్చింది గానీ, సభ అంటే పెన్షన్ల జాబితా చదవడమే అని అలవాటు పడ్డ ఊరు అది. మొదటిసారి టూరిస్టుల గురించి మాట్లాడుకోడానికి కూర్చున్నారు.

మేం వాళ్ల ముందు రెండు ఊళ్ల సంగతి పెట్టాం. ఒకటి నేపాల్‌లోని ఘాంద్రుక్. 1986లో అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం పని అక్కడే మొదలైంది. ట్రెక్కింగ్‌కి వచ్చేవాళ్ల ప్రవేశ రుసుము సర్కారు ఖజానాలో కలిసిపోకుండా, ఆ ప్రాంతాన్ని చూసే ట్రస్టుకే చేరి అక్కడి బాటలకూ అడవికీ ఖర్చయ్యే ఏర్పాటు చేశారు. లాడ్జీల వాళ్లు కమిటీగా ఏర్పడి మంచానికింత, భోజనానికింత అని ఒకే ధర పెట్టుకున్నారు. పోటీలు పడి రేటు తగ్గించుకుంటే లాభపడేది ట్రెక్కర్లేనని వాళ్లకు తొందరగానే తెలిసింది. పొయ్యిల కింద అడవి కాలిపోకుండా కిరోసిన్ వాడకం తెచ్చారు. రెండోది లడఖ్‌లోని రుంబక్ వైపు హోమ్‌స్టేలు. మంచు చిరుత గొర్రెల్ని చంపుతోందని దాన్ని పగబట్టిన ఊళ్లలో, ఆ చిరుత కోసం వచ్చే అతిథుల్ని వంతులవారీగా ఇళ్లకు పంపే పద్ధతి పెట్టారు. ఎవరి ఇల్లు బావుంటే వాళ్లకే అందరూ పోవడం అనేది ఉండదు.

మాకు దగ్గర్లో ఉన్నది మారేడుమిల్లి. అక్కడ వన సంరక్షణ సమితులతో అటవీ శాఖ నడిపే కాటేజీల్లో స్థానికులకు పని దొరికింది, అది చిన్న సంగతి కాదు. కాకపోతే అక్కడ శాఖ పెద్దన్న. మా ఊరివాళ్లు పెద్దన్న లేకుండా చేద్దామనుకున్నారు.

పన్నెండు ఇళ్లు ముందుకొచ్చాయి, నాలుగింటితో మొదలుపెట్టారు. కొత్త గదులు కట్టలేదు. ఉన్న పెంకుటింట్లోనే ఒక గది అలికి, మంచాలు, దోమతెరలు పెట్టారు. బుకింగ్ ఏ ఇంటికీ నేరుగా రాకుండా పొదుపు సంఘం ఫోన్‌కు వస్తుంది. రేటు అందరికీ ఒకటే. వచ్చిన ప్రతి వందలో పదిహేను ఊరి నిధికి పోతాయి. ఇల్లు బాగోలేక అతిథుల్ని పెట్టుకోలేని వాళ్లకు వేరే పనులు పంచారు: అడ్డాకుల విస్తర్లు ఒకరు, గుడ్లూ కోళ్లూ ఒకరు, తెల్లవారుజామున మెట్ట దాకా లాంతరుతో దారి చూపించడం ఇంకొకరు. గుడ్లు కింద నుంచి తేవడం ఆగిపోయింది. నా లెక్కలో ఈ మొత్తంలో అతి పెద్ద విజయం అదే. వినడానికి చిన్నదిగా ఉంటుంది.

మరుగుదొడ్డి దగ్గర పని ఆరు నెలలు ఆగింది. ప్రతి ఇంటికీ ప్రభుత్వం కట్టించినది ఒకటి ఉంది, ఎక్కువ ఇళ్లలో అందులో కట్టెలు, మొక్కజొన్న పొత్తులు. తప్పు వాళ్లది కాదు. కొండ మీది ఊట నుంచి గొట్టంలో దిగి వచ్చే గ్రావిటీ నీళ్లు ఊళ్లో రెండే కుళాయిల దగ్గర పడతాయి. అక్కణ్ణుంచి బిందె మోసుకొచ్చి దొడ్లో పొయ్యాలంటే ఎవరు పోస్తారు? టూరిస్టు ఒక్కడు స్నానంతో సహా వాడే నీళ్లు ఒక ఇంటి రోజు వాడకానికి దగ్గరగా ఉంటాయి. కాబట్టి ముందు ఊట దగ్గర తొట్టె బాగుచేసి, గొట్టం ఇంకో గుంపు దాకా లాగి, ఆ తర్వాతే మంచాలు కొన్నాం. అతిథులు వచ్చాక ఊరి నిధిలో చేరిన మొదటి డబ్బు కూడా ఈ గొట్టం మరమ్మతుకే పోయింది. హోమ్‌స్టే పెట్టని ఇళ్లకు కూడా కుళాయి వచ్చింది. ఆ తర్వాత గానీ టూరిస్టుల మీద ఊరి చూపు మారలేదు.

తిండి దగ్గర ఇంకో చిక్కు. అతిథులకు ఏం పెడదాం అంటే అందరూ ఒకే మాట: బిర్యానీ, నూడుల్స్. చోడి (రాగి) అంబలి, సామ అన్నం పెడితే నవ్వుతారని సిగ్గు. మేం బలవంతపెట్టలేదు. విశాఖ నుంచి వచ్చిన ఒక కుటుంబం, ఇంటివాళ్లు తింటున్న రాజ్మా కూర చూసి అదే పెట్టమని అడిగారు. ఈ కొండల రాజ్మాకు సంతలో మంచి ధర ఉంది, ఇంట్లో మాత్రం అది రోజువారీ కూర. ఎండబెట్టిన వెదురు కొమ్ముల కూర, నారింజ రంగు అడవి తేనె, కుంపటి మీద కాచిన సొంత తోట కాఫీ. ఇప్పుడు పెట్టే భోజనంలో కొని తెచ్చేవి నూనె, ఉప్పు, చక్కెర. బొంగు చికెన్ విషయంలో మాత్రం నాకు అనుమానాలున్నాయి. దానికి పచ్చి వెదురే కావాలి, ఒక్కో వంటకు ఒక కణుపు పోతుంది. రోడ్డు పక్క బొంగులు కనపడటం తగ్గి, కుర్రాళ్లు పైకి పోయి నరుక్కొస్తున్నారు. వారానికి ఇన్నే అని సంఘం హద్దు పెట్టింది. అడిగిన టూరిస్టుకు లేదని చెప్పడం ఇప్పటికీ వాళ్లకు కష్టమే.

కాఫీ నెలలు

ఈ కేసులో నాకు కొత్తగా తెలిసిందీ, ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ నాకు కనపడనిదీ ఇదే. పాడేరు, అరకు కొండల్లో కాఫీ పండు నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా కోతకొస్తుంది. టూరిస్టులు ఎగబడేదీ సరిగ్గా అప్పుడే. పండిన పండు ఆగదు. కోసిన రోజే పల్ప్ చెయ్యాలి, కడగాలి, ఎండబెట్టాలి. ఆలస్యమైతే పులిసి వాసన కొడుతుంది, ధర పడిపోతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ పేరంతా ఈ కోత చేసే చేతుల మీద నిలబడి ఉంది. ఆ చేతులు ఆడవాళ్లవి.

డిసెంబరు శనివారం ఒక ఇంటావిడ రోజు ఇలా నడిచింది. మూడింటికి లేచి అతిథులకు కాఫీ. వాళ్లు మెట్ట నుంచి దిగేసరికి టిఫిన్. గిన్నెలు కడిగి తొమ్మిదింటికి తోటకు. సాయంత్రం బస్తా మోసుకొచ్చి పల్పర్ దగ్గర వరసలో నిలబడటం. మళ్లీ కొత్త అతిథులకు వంట. రాత్రి పదకొండింటికి దుప్పట్లు లేవని ఒకాయన తలుపు కొట్టాడు. పక్కింటి కుర్రాడు లెక్క వేసి, ‘వారంలో ఏడు రోజులూ నడిపితే ఎంతొస్తుందో తెలుసా అత్తా’ అంటే, ‘నువ్వు కోస్తావేటి కాఫీ?’ అంది.

సంఘం తీసుకున్న నిర్ణయం: కోత నడిచే నెలల్లో అతిథులు శుక్ర, శని, ఆదివారాలే. మిగతా నాలుగు రోజులు తోట. కాగితం మీద చూస్తే గదులు సగానికి పైగా ఖాళీ. మాకు డబ్బిచ్చే ఒక దాత సంస్థ ప్రతినిధి ఈ సంగతి విని ‘ఆక్యుపెన్సీ’ గురించి ఇబ్బంది పడ్డారు. కానీ కాఫీ, మిరియాలు ఇచ్చే డబ్బును గదుల ఆదాయంతో పక్కపక్కన పెట్టి చూస్తే ఆడవాళ్ల లెక్కే నిలబడింది. సిల్వర్ ఓక్ చెట్టు మీద మిరియం తీగ పాకినట్టు టూరిజం ఉండాలి. తీగ కోసం చెట్టు కొట్టేసేవాడు ఎవడూ ఉండడు.

చెట్టు పడితే ఏమవుతుందో కూడా వాళ్లకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ కొండల్లో నీడ చెట్లు కూలి కాఫీ తోటలు ఎండకు మిగిలాయి. 2020లో కోవిడ్ వచ్చి టూరిస్టులు ఒక్కసారిగా ఆగిపోతే, అరకులో హోటళ్లనే నమ్ముకున్న కుర్రాళ్లు ఖాళీ చేతులతో ఇళ్లకు వచ్చారు. ఇంట్లో చోళ్లూ సామలూ ఉన్న కుటుంబాలకు అంత టెన్షన్ పడాల్సిన పని లేకపోయింది.

చలికాలపు డబ్బు అసలు కావాల్సింది ఆషాఢ శ్రావణాల్లో. పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని ఆ నెలల్లోనే కొండల్లో అప్పులు పుడతాయి. అందుకని సంఘం ఇంకో నియమం పెట్టుకుంది: హోమ్‌స్టే ఆదాయంలో కొంత పొదుపు ఖాతాలో వేసి, జూన్ దాకా ముట్టుకోకూడదు. అందరూ పాటించారని చెప్పను. పాటించిన ఇళ్లు రెండు వానాకాలాల్లో సంతలో షావుకారు దగ్గర అప్పు చెయ్యలేదు. మా ఫైలులో ‘ఆదాయం పెరుగుదల’ అనే గడి ఉంటుంది, ‘షావుకారు దగ్గరికి వెళ్లలేదు’ అనే గడి ఉండదు. నేను చేత్తో రాసి పెట్టాను.

మబ్బుకు పట్టా ఎవరిది?

గొడవ పార్కింగ్ దగ్గర మొదలైంది. కార్లు ఆగే కళ్లం కింది ఊళ్లో ఒక కుటుంబానిది. మెట్ట మీదికి పోయే బాట పైగుంపు ఇళ్ల ముందు నుంచి పోతుంది. మబ్బు కనపడే బండ అటవీ భూమి. పార్కింగ్ డబ్బు కళ్లం కుటుంబం తీసుకుంటుంటే పైగుంపు వాళ్లు ఒక ఆదివారం పొద్దున్న బాటకు అడ్డంగా వెదురు బొంగు కట్టి, తలకు ఇరవై అడిగారు. టూరిస్టులు కింద ఒకసారి, పైన ఒకసారి డబ్బు కట్టి, ‘దోచుకుంటున్నారు’ అని ఫోన్లలో పెట్టేశారు. ఆ వారం కింది ఊరికీ పైగుంపుకీ మాటల్లేవు. పండక్కి కూడా పిలుచుకోలేదు.

గ్రామసభలో ఇది మూడు పూటలు నడిచింది. కళ్లం వాళ్లదన్నది నిజం. బాట తొక్కిడికి పైగుంపు వాళ్ల దొడ్లు పాడవుతున్నదీ నిజం. మరి మబ్బు ఎవరిది? చివరికి ఒకే గేటు, ఒకే రసీదు అన్నారు. వచ్చినదాన్ని మూడు భాగాలు చేసి ఒకటి కళ్లం కుటుంబానికి, ఒకటి పైగుంపుకి, ఒకటి ఊరి నిధికి. రసీదు పుస్తకం వారం ఒక గుంపు, వారం ఇంకో గుంపు. నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లాలంటే గేటు దగ్గర డిపాజిట్ కట్టాలి, ఖాళీ సీసా తెచ్చి చూపిస్తే తిరిగిస్తారు. మద్యంతో వచ్చినవాళ్లకు గేటు తియ్యరు. ఈ చివరి నియమం అమలు చెయ్యడానికి కుర్రాళ్లు భయపడ్డారు. ఆడవాళ్లు గేటు దగ్గర కూర్చోవడం మొదలెట్టాక సులువైంది.

ఫోన్‌పే ఇంకో తలనొప్పి. టూరిస్టుల దగ్గర నోట్లు ఉండవు, ఊళ్లో సిగ్నల్ ఉండదు. ‘పైకెళ్లాక వేస్తా’ అని వెళ్లినవాళ్లలో వేసినవాళ్లు తక్కువ. గేటుకు నూరడుగుల దూరంలో ఒక బండ మీద మాత్రం రెండు గీతలు వస్తాయి. ఇప్పుడు డబ్బు కట్టేవాళ్లను ఆ బండ ఎక్కిస్తున్నారు. కొందరు అక్కడ కూడా ఫొటో దిగుతున్నారు.

ఇక్కడి గిరిజనుల గుంపు నాట్యం థింసా గురించి ప్రతి సందర్శకుడూ అడుగుతాడు కాబట్టి ఒక మాట. రిసార్టుల్లో రాత్రి మంట చుట్టూ ఆడించి పంపేసే పద్ధతిని చాలామంది తిడతారు. డబ్బు తీసుకుని ఆడటంలో నాకు తప్పేమీ కనపడదు. మేళానికి పోయే డబ్బులో మధ్యవర్తి ఎంత మింగుతున్నాడు, తాగి మీద పడేవాళ్లను ఆపే దిక్కు ఉందా అన్నవే నా ప్రశ్నలు. మా ఊరి ఆడవాళ్లు రెండు సీజన్లు ఆలోచించి, చైత్రంలో వచ్చే గిరిజనుల ఇటుకల పండక్కి మాత్రమే ఆడతామనీ, ఆ రోజుల్లో వచ్చినవాళ్లు పక్కన నిలబడి చూడొచ్చనీ చెప్పారు. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

ఇప్పుడు ఎక్కడున్నాం

ఊరి నిధితో గొట్టం, సోలార్ దీపాలు, ఆసుపత్రికి జీపు ఖర్చు అనే మూడు పనులు నిలకడగా జరుగుతున్నాయి. జీపు అంటే తేలిగ్గా తీసుకోవద్దు. కాన్పు నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకెళ్లే రోజులు ఈ కొండల్లో ఇంకా పోలేదు. ముగ్గురు కుర్రాళ్లు విశాఖలో సెక్యూరిటీ గార్డు పనులు మానేసి వచ్చారు. ఒకడు మళ్లీ వెళ్లిపోయాడు, ఇక్కడ నెల జీతం లేదని.

కదలని విషయాలూ ఉన్నాయి. బాటకు దూరంగా ఉన్న ఎనిమిది ఇళ్లకు ఈ డబ్బులో కుళాయి తప్ప ఏమీ అందలేదు. విస్తర్ల పని ఇస్తామన్నా, అడ్డాకు ఏరడానికి వాళ్లకు పోయే సమయం ఎక్కువ. ఒక కుటుంబం మొదటి నుంచీ సంఘంలోకి రాలేదు, సొంతంగా రెండు టెంట్లు వేసుకుని నడుపుకుంటోంది. దాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు, ఆపమని మేం చెప్పలేదు. బడికి టీచరు వారానికి ఎన్నిరోజులు వస్తాడన్నది టూరిస్టుల మీద ఆధారపడి లేదు.

బండ సంగతి కూడా తేలలేదు. అది అటవీ భూమి కాబట్టి రేపు శాఖ వాళ్లు వచ్చి గేటు తమది అంటే ఊరి రసీదు చెల్లదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు కోసం గ్రామసభ తీర్మానం చేసి దరఖాస్తు పెట్టింది. మేకల బాటలు, ఊట, అడ్డాకు ఏరుకునే చోటు, పండగనాడు కోడిని కోసే రాయి అన్నీ గుర్తుపెట్టి పిల్లలే పటం గీశారు. దరఖాస్తు ఎన్ని టేబుళ్లు దాటిందో కనుక్కోడానికి నెలకోసారి పాడేరు వెళ్తున్నారు. ఇతర ఊళ్లలో ఈ పని మొదలుపెట్టే సంస్థలకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: మంచాలు కొనకముందే ఈ దరఖాస్తు పెట్టండి. టూరిస్టులు పెరిగాక ఆ కొండ మీద కన్ను వేసేవాళ్లు కూడా పెరుగుతారు.

వచ్చే సీజన్‌కు ఇంకో ఆరు గదులు పెంచుదామని కుర్రాళ్లు అంటున్నారు. ఊటలో మార్చి నెల నీళ్లు కొలిచి చూశాకే మాట్లాడదామని ఆడవాళ్లు అంటున్నారు. పాత వ్యాపారి ఈమధ్య మళ్లీ వచ్చి, ఈసారి పైగుంపులో ఒక ఇంట్లో టీ తాగి వెళ్లాడు. గ్రామసభ దీపావళి తర్వాత పెట్టుకున్నారు.